చదువు ఎక్కడ ఆగిందో అక్కడే మొదలుపెట్టాలి

(హనుమకొండలో ప్రాథమిక పాఠశాలల టీచర్లు, వైకల్యమున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల ఐఈఆర్పీలు (సమ్మిళిత విద్యా రిసోర్సు పర్సన్లు), తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఒకరోజు కూలి వదులుకొని పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చిన అమ్మానాన్నలకు ముందుగా నమస్కారం.

మూడో తరగతిలో చదువు రాని పిల్లవాడి నోటుబుక్కు తెరిచి చూడండి. చాలాసార్లు అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. బోర్డు మీద ఏముంటే అది బుక్కులోకి దిగి ఉంటుంది. అందులోనే ఒక మాట మీద వేలు పెట్టి చదవమంటే మాత్రం నోరు పెగలదు. అ నుంచి ఱ దాకా అప్పజెప్పమంటే గడగడా చెప్తాడు. మధ్యలో ‘న’ చూపించి ఇదేంటిరా అంటే మొదటినుంచి లెక్కపెట్టుకుంటూ వస్తాడు. ఇలాంటి పిల్లవాడికి మన బడుల్లో ఇచ్చే మందు ఒకటే: ‘ఇంకో పదిసార్లు రాయి.’ పదిసార్లు రాస్తే చెయ్యి నొస్తుంది, చదువు రాదు. వాడికి ఏ మెట్టు దగ్గర కాలు ఆగిందో మనం వెతకలేదు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ వెతకడం గురించే, దొరికాక అక్కడ ఏం చెయ్యాలన్న దాని గురించే.

అన్నిటికన్నా ముందు కళ్ళు, చెవులు. చెవి కారే పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. చెవి కారే రోజుల్లో వినికిడి తగ్గుతుంది, మానితే పెరుగుతుంది. అందుకే ‘వాడికి వినబడుతుందండీ, కావాలని వినడు’ అనుకుంటాం. బోర్డు దగ్గరికి లేచి వచ్చి రాసుకునే పిల్ల, పుస్తకాన్ని ముక్కుకు ఆనించే పిల్ల అల్లరి చేస్తున్నట్టు కాదు. పిల్లల ఆరోగ్యం చూడటానికి బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందానికి ఈ పిల్లల్ని పేరు పెట్టి చూపించండి. ఈ రెండూ తేలకుండా డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) అనే మాట ఎత్తకండి.

తర్వాత పదిహేను నిమిషాల పరీక్ష. ఒక్కో పిల్లవాణ్ణి విడిగా, వరండాలో కూర్చోబెట్టుకొని చెయ్యాలి. మొదట పుస్తకం లేకుండా చెవితోనే. ‘పలక’ అనే మాటకు ఎన్ని చప్పట్లు? ‘పలక’లో ‘ప’ తీసేస్తే ఏం మిగులుతుంది? ‘లక’ అని చెప్పగలగాలి. ‘కి’ని సాగదీస్తే చివర ఏం వినబడుతుంది? ‘ఈ’ అనాలి. ఇది చెప్పలేనివాడికి గుణింతం ఎంత నూరిపోసినా నిలవదు, ఎందుకంటే గుణింతమంటేనే హల్లును, అచ్చును విడదీసి వినడం. తర్వాత అక్షరాల కార్డులు ఇరవై, కలిపేసి, వరుస లేకుండా. తర్వాత గుణింతం లేని మాటలు: తల, కల, పలక. తర్వాత గుణింతం ఉన్నవి. ఇక్కడ అర్థం లేని మాటలు నాలుగు తప్పక ఉండాలి: మిలు, తోబి, గూపె, నీడొ. అర్థమున్న మాటను మొదటి అక్షరం చూసి ఊహించొచ్చు, అర్థం లేనిదాన్ని చదివి తీరాలి. ఊహ మీద బండి లాగుతున్న పిల్లలు ఇక్కడ బయటపడతారు. తర్వాత ఒత్తుల మాటలు, చివర అయిదారు మాటల వాక్యం ఒకటి, దాని మీద ఒక ప్రశ్న. తప్పు దిద్దకండి. వాడు ఎలా పలికాడో అలాగే రాసుకోండి. ఆ తప్పుల్లోనే మీకు కావలసినదంతా ఉంది.

రాసుకున్నది చదివేటప్పుడు మన ప్రాంతానికి సంబంధించిన జాగ్రత్త ఒకటుంది. పుస్తకంలో ‘వచ్చాడు’ అని ఉంటే పిల్లవాడు ‘అచ్చిండు’ అని చదివాడనుకోండి. వాడికి అర్థం నూటికి నూరుపాళ్ళు అందింది, తన ఇంటి మాటలో చెప్పాడు. అది వైకల్యం కాదు, తప్పు కూడా కాదు. ‘అవును, అచ్చిండు. ఇక్కడ ఎట్ల రాసిండ్రో అక్షరం అక్షరం చూద్దాం’ అనండి చాలు. ‘భూమి’ని ‘బూమి’ అన్నా అంతే, ఇళ్ళల్లో ఒత్తి పలకని పిల్లలు చదివేటప్పుడూ పలకరు. దాన్ని రాతలో చూసుకుందాం. మహబూబాబాద్, ములుగు వైపు తండాల్లో ఇంట్లో లంబాడీ, గూడేల్లో కోయ, ఆసిఫాబాద్ వైపు గోండి మాట్లాడే పిల్లలుంటారు. ఒకటో తరగతిలో వాళ్ళు తెలుగు చదవలేకపోతే దానికి కారణం తెలుగు కొత్త కావడమే కావచ్చు. ఇంటి భాషలో మాట్లాడటం, కథ చెప్పడం, చెప్పిన పని గుర్తుంచుకోవడం ఎలా ఉందో అమ్మను అడగండి. అక్కడ చురుగ్గా ఉంటే కావలసింది తెలుగు మాటలు, వైద్య పరీక్షలు కావు. రెండు భాషల్లోనూ తడబాటు ఉంటే అప్పుడు లోతుగా చూడాలి.

ఇక నేర్పడం. వర్ణమాల వరుసలో వద్దు. అ, ఆ, ఇ, ఈ నేర్చినా వాటితో చదవడానికి ఒక్క మాట దొరకదు. నెల గడిచినా పిల్లవాడు ఏమీ చదవడు. ల, క, త, ప, న అనే అయిదింటితో మొదలుపెట్టండి. తల, కల, లత, పలక, నలక, కనక, అన్నీ మొదటి పదిహేను రోజుల్లోనే చదవొచ్చు. తర్వాత సున్న చేర్చండి: కలం, పతకం. తర్వాత అ, ర, గ, డ, మ: అలక, గడప, నడక, పడక, మరక, మడత. ఈ గుంపులు కట్టడంలో సూత్రం ఒకటే, చూడటానికి ఒకేలా ఉన్నవి ఒకేసారి రాకూడదు. ప, వ, ష, ఫ ఒక జాతి. మ, య ఒకటి. న, స ఒకటి. బ, భ ఒకటి. డ, ఢ ఒకటి. ద, ధ, థ ఒకటి. ర, ఠ ఒకటి. ‘ప’ గట్టిపడ్డాక మూడు నాలుగు వారాలకు ‘వ’ తెండి. రెండూ పక్కపక్కన పెట్టి తేడా చూపిద్దామని మనకు అనిపిస్తుంది. బలహీనమైన పిల్లవాడికి అదే గందరగోళానికి మొదలు.

ఒక్కో అక్షరానికి పద్ధతి చెప్తాను. చదరం అట్ట మీద నాలుగంగుళాల ఎత్తున గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరం అతికించండి. గీత మొదలయ్యే చోట పచ్చ చుక్క. పిల్లవాడు చూపుడువేలు, మధ్యవేలు కలిపి దాని మీద జరుపుతూ ఆ శబ్దం పైకి అనాలి, అయిదుసార్లు. తర్వాత పళ్ళెంలో సన్నని ఇసుక గాని రవ్వ గాని పోసి అందులో రాయాలి. ఇసుక అర సెంటీమీటరు మించొద్దు. మందంగా పోస్తే గీసిన గాడి కూలిపోయి అక్షరం కనబడదు. అడుగున ముదురు రంగు కాగితం వేస్తే గీత స్పష్టంగా తేలుతుంది. ఆ తర్వాత పలక, ఆ తర్వాతే నోటుబుక్కు. చూపు, చెవి, వేలు మూడూ ఒకేసారి పనిచేసే ఈ దారి గత శతాబ్ది మొదటి సగంలో అమెరికాలో గ్రేస్ ఫెర్నాల్డ్, ఆర్టన్, గిల్లింగ్‌హామ్ వంటివాళ్ళు వేసింది. మన దగ్గర ఇది చెడిపోయేది ఒక్క చోటే. పిల్లలు మౌనంగా గీస్తారు. శబ్దం లేకుండా గీస్తే అది మళ్ళీ బొమ్మే. ఇంకొకటి, అక్షరం పక్కన కాకి బొమ్మ ఉంటే ‘క’ చూపించినా ‘కాకి’ అంటారు. బొమ్మ పేరు గుర్తుండిపోయింది, శబ్దం కాదు. వెంటనే బొమ్మ తీసేయండి.

రోజుకు ఇరవై అయిదు నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. వారానికోసారి రెండు గంటలు కూర్చోబెడితే ఈ పిల్లలకు నిలవదు. అయిదు నిమిషాలు పాత కార్డులు, అయిదు కొత్త అక్షరం, పది నిమిషాలు మాటలు చదవడం, చివరి అయిదు డిక్టేషన్. వరుసగా మూడు రోజులు తడుముకోకుండా చెప్తేనే అక్షరం వచ్చినట్టు లెక్క. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు వారానికి ఒకటే అక్షరం వస్తే ఒకటే.

గుణింతం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, సగం మంది పిల్లలు ఇక్కడే రాలిపోతున్నారు కాబట్టి. క, కా, కి, కీ అని అడ్డంగా పాడిస్తాం. పాట వస్తుంది, ‘కో’ విడిగా రాదు. నిలువుగా నేర్పండి: ఒకే గుర్తు, అనేక అక్షరాలు. ఈ వారం గుడి ఒక్కటే. కి, తి, లి, ని, పి. వచ్చే వారం దీర్ఘం. గుర్తు మారని అక్షరాలు ముందు, మారేవి తర్వాత. ‘కు’లో కొమ్ము ఒక చోట, ‘పు’, ‘వు’లలో ఇంకో చోట. ‘వు’ చూడటానికి ‘మ’కు దగ్గరగా ఉంటుంది, అందుకే ‘ఆవు’ను ‘ఆమ’ అని చదువుతారు. ‘కొ’లో ఉన్న ఒత్వం వేరు, ‘మొ’, ‘యొ’లలో రూపం వేరు. ఇవి పిల్లవాడి తెలివితక్కువ కాదు, లిపిలోని చిక్కులు. విడిగా కూర్చోబెట్టి విడిగా నేర్పాలి.

హ్రస్వ దీర్ఘాల తప్పులకు చింతగింజలు వాడండి. పొట్టి అచ్చుకు ఒక గింజ, దీర్ఘానికి రెండు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలని మన ఛందస్సు ఎప్పుడో లెక్క కట్టింది, అదే లెక్క ఇక్కడ. మీరు ‘పాడు’ అంటారు, పిల్లవాడు ముందు రెండు గింజలు, పక్కన ఒకటి పెడతాడు. ‘పడు’ అంటే ఒకటి, ఒకటి. నడి, నాడి, పురి, పూరి, తను, తాను. గింజలు సరిగ్గా పెట్టాకే రాయనివ్వండి. గింజల్లోనే తప్పుతుంటే అది చెవి పని, రాతలో దిద్దితే కుదరదు.

ఒత్తులు. ముందు ద్విత్వాలు, అక్క, అమ్మ, పిల్లి, గడ్డి. తర్వాత సంయుక్తాలు. చాలా ఒత్తులు అసలు అక్షరాన్నే తలకట్టు తీసి చిన్నగా రాసినట్టుంటాయి, పిల్లలు పట్టేస్తారు. క, త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం అక్షరంతో పోలిక లేదు. ఎక్కువగా వచ్చేవీ అవే. ఈ ఏడింటిని కొత్త అక్షరాల్లాగే గరుకు కాగితం నుంచి మొదలుపెట్టి నేర్పండి. అసలు కష్టం ఇంకోటుంది. ‘చెట్టు’ చూడండి. కొమ్ము పై అక్షరానికి తగిలి ఉంది, కానీ కింది ఒత్తు పలికాకే పలుకుతుంది. కన్ను పైన మొదలై, కిందికి దిగి, మళ్ళీ పైకెక్కాలి. అది తెలియని పిల్లవాడు ‘చెటుట’ అని చదువుతాడు. అంటే వాడు కనబడిన వరుసలో నిజాయితీగా చదివాడన్నమాట. మూడు రంగుల స్కెచ్ పెన్నులు తీసుకోండి. అక్షరం నలుపు, ఒత్తు నీలం, గుణింతపు గుర్తు ఎరుపు. నలుపు, నీలం, ఎరుపు, ఈ వరుసలో వేలు కదపాలి: ట్, ట్, ఉ. రెండు వారాలకు రంగులు తగ్గించండి, మొదట ఎరుపు తీసేయండి, తర్వాత నీలం. రంగులు తీయకుండా నెలల తరబడి ఉంచితే పాఠ్యపుస్తకం చదవలేరు.

తెలుగు మాటల పొడవు ఇంకో అడ్డు. ‘చదువుకుంటున్నారు’ అనేది ఒకటే మాట. పెన్సిలుతో సన్న గీతలు పెట్టివ్వండి: చదువు, కుంటు, న్నారు. ‘తున్నారు’, ‘లేదు’, ‘లోపల’, ‘నుంచి’ లాంటి తోకల్ని విడి కార్డులుగా చూపులోనే పట్టేలా చెయ్యాలి. వేగం కోసం నలభై మాటల పేరా ఒకటి తీసుకొని నాలుగు రోజులు అదే చదివించండి, రోజుకు మూడుసార్లు, ఒక్కో నిమిషం. ఎన్ని మాటలు సరిగ్గా చదివాడో గీత గీసి వాడికే చూపించండి. ఇంగ్లిషు చదవడానికి పెట్టిన నిమిషానికి ఇన్ని మాటలనే లెక్కలు తెలుగుకు తెచ్చి రుద్దొద్దు, మన మాట వాళ్ళ మూడు మాటలంత ఉంటుంది. పిల్లవాణ్ణి నిన్నటి వాడితోనే పోల్చండి.

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా డిస్లెక్సియా ఉన్నవాళ్ళకు. మిగతా పిల్లలకు ఏం మారుతుందో చూద్దాం.

వినికిడి లోపం ఉండి మిషను పెట్టుకునే పిల్లలకు రోజూ పొద్దున ఆరు శబ్దాల పరీక్ష చెయ్యండి: ఆ, ఊ, ఈ, ష్, స్, మ్. డేనియల్ లింగ్ పెట్టిన పరీక్ష ఇది. మీటరు దూరంలో, పెదాలు కనబడకుండా అట్ట అడ్డం పెట్టి, మామూలు గొంతుతో. వినబడినప్పుడల్లా డబ్బాలో ఒక గింజ వెయ్యాలి. నిన్న విన్న శబ్దం ఇవాళ వినకపోతే ముందు బ్యాటరీ, తర్వాత గొట్టంలో గులిమి చూడండి. పనిచేయని మిషనుతో రోజంతా కూర్చుంటే ఆ పాఠాలన్నీ పోయినట్టే. ‘పడి, బడి, మడి’ మూడూ పెదాల మీద ఒకేలా ఉంటాయి, కాబట్టి మాటతోపాటు కార్డు చూపించాలి. బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మానాలి. మాట చివర వచ్చే ‘కి’, ‘ని’, ‘తో’ వీళ్ళకు సరిగా అందవు, ‘రాజుకి ఇచ్చింది’, ‘రాజు ఇచ్చింది’ ఒకటే అనుకుంటారు. ఈ ప్రత్యయాలను రాతలోనే చూపించి, బొమ్మల కింద మార్చి మార్చి పెట్టి నేర్పాలి.

చూపు కొంత ఉన్న పిల్లలకు పెద్ద అక్షరం ఇస్తే సరిపోతుందనుకుంటాం. అక్షరంతోపాటు వరుసల మధ్య ఎడం కూడా పెంచాలి. తెలుగులో ఒత్తు కింద వేలాడుతుంది, కింది వరుస గుడితో కలిసిపోతుంది. ఈ పిల్లలకు మొదట మాయమయ్యేది గుడికీ గుడిదీర్ఘానికీ ఉన్న తేడా.

చూపు లేని పిల్లలకు బ్రెయిలు. ఇందులో ఒక మేలుంది. భారతీ బ్రెయిలులో గుణింతపు గుర్తులు విడిగా లేవు, ‘కి’ అంటే క తర్వాత ఇ. ‘అమ్మ’ అంటే అ, తర్వాత నాలుగో చుక్క, తర్వాత మ, మ. పైన కింద అనే గొడవే లేదు. అందుకే హల్లును, అచ్చును చెవితో విడదీయడం వచ్చిన పిల్ల బ్రెయిలులో త్వరగా ముందుకు పోతుంది. మొదట కోడిగుడ్ల అట్టలో ఆరు గుంతల ముక్క కత్తిరించి, గోలీలు పెట్టి చుక్కల స్థానాలు నేర్పండి. ఎడమ వైపు పైనుంచి 1, 2, 3. కుడి వైపు 4, 5, 6. చదవడానికి ముందు చుక్కల వరుస మీద వేళ్ళు తేలిగ్గా ఎడమ నుంచి కుడికి జరపడం అలవాటు కావాలి. గట్టిగా నొక్కినా, పైకీ కిందికీ రుద్దినా చుక్కలు అరుగుతాయి, వేగం ఎప్పటికీ రాదు. పలక, స్టైలస్‌తో రాయడం కుడి నుంచి ఎడమకు, కాగితం తిప్పి చదవాలి కాబట్టి. చదవడం బాగా వచ్చాకే రాయడం మొదలుపెడితే ఈ తిరగబడటం తికమక పెట్టదు.

బుద్ధిమాంద్యం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చాలామందికి విన్నదానికన్నా చూసినదాని జ్ఞాపకం గట్టిది. మాటను మొత్తంగా చూపించి మొదలుపెట్టొచ్చు. మూడేసి మాటలు. మొదట ఒకేలాంటి కార్డును కార్డు మీద పెట్టించడం, తర్వాత ‘బస్సు ఏది?’ అంటే తీసివ్వడం, చివరికే ‘ఇదేంటి?’ ఈ వరుస తప్పొద్దు, మనం మూడోదానితో మొదలుపెట్టి ‘రాదు’ అని తేల్చేస్తాం. ఏ మాటలు? తన పేరు, అమ్మ పేరు, ఊరి పేరు, ఆడ, మగ, మందు, ప్రమాదం, తాను ఎక్కే బస్సు బోర్డు మీది పరకాల, నర్సంపేట. ప్రతి మాటకు మూడు కార్డులు, మూడు రకాల చేతిరాతలో. ఒకటే ఉంటే మూల మీద మరక చూసి చెప్పేస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని నీపిడ్ (మేధో వైకల్యమున్నవాళ్ళ కోసం ఉన్న జాతీయ సంస్థ) ఈ పిల్లలకు బోధన సామగ్రి కిట్లు తయారుచేస్తుంది. మీ భవిత కేంద్రంలో ఉంటే బీరువాలోంచి బయటికి తీయండి.

ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు గడగడా చదువుతారు, అర్థం అందదు. చదివాడు కదా అని వదిలేయకుండా, చదివింది చేయించండి. కార్డు మీద ‘తలుపు తియ్యి’ అని ఉంటే లేచి తలుపు తియ్యాలి.

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేకపోవడం) ఉన్న పిల్లలకు ముందు కుర్చీ. పాదాల కింద పీట, మోకాళ్ళు, తుంటి లంబకోణంలో, పుస్తకం వాలు బల్ల మీద. ఒళ్ళు జారిపోకుండా ఆపుకోవడానికే బలమంతా పోతే అక్షరం మీద ధ్యాస ఉండదు. పెన్సిలుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లావు చెయ్యండి. అయినా రాయలేకపోతే రాత కోసం చదువును ఆపకండి. పారదర్శక షీటు నాలుగు మూలల్లో నాలుగు అక్షరాలు అంటించి మధ్యలోంచి వాడి కళ్ళను చూడండి, ఎటు చూస్తే అదే జవాబు. మాట రాని పిల్ల కూడా చదవగలదు.

హక్కుల గురించి క్లుప్తంగా. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలూ అందులో ఉన్నాయి. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. అభ్యసన వైకల్యానికి ఎనిమిదేళ్ళు నిండాకే ధ్రువపత్రం, మళ్ళీ 14కు, 18కి పరీక్ష అని 2018 జనవరి మార్గదర్శకాలు చెప్పాయి. రాత పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయమని అదే ఏడాది ఆగస్టు మార్గదర్శకాలు చెప్పాయి. ధ్రువపత్రం పరీక్షల్లో వెసులుబాటు కోసం. నేర్పడం మొదలుపెట్టడానికి ఏ కాగితమూ అక్కర్లేదు, ఎనిమిదేళ్ళు నిండేదాకా ఆగనూ వద్దు.

అమ్మానాన్నలకు. ఇంట్లో రోజూ పది నిమిషాలు, అన్నానికి ముందు, టీవీ ఆపి. కొత్తది నేర్పొద్దు, బడిలో వచ్చిన కార్డులే చదివించండి. పది కార్డుల్లో ఎనిమిది వచ్చినవే ఉండాలి, రానివి రెండే. ఆగితే మూడు లెక్కపెట్టండి, అప్పటికీ రాకపోతే మీరే చెప్పి ముందుకు పోండి. చదువు రాని ఇంట్లోనూ ఇది జరుగుతుంది. బొమ్మ కార్డు వెనక ఉంటుంది, తిప్పి చూసి సరిచూసుకోవచ్చు. తమ్ముడితో పోల్చొద్దు, కొట్టొద్దు. భయపడ్డ పిల్లవాడికి వచ్చిన అక్షరం కూడా నోట రాదు. ఎడమ చేత్తో రాస్తుంటే రాయనివ్వండి.

టీచర్లు ఒక్కో పిల్లవాడికి ఒక కాగితం పెట్టండి. తేదీ, ఏ అక్షరాలు, ఎన్ని సరి, ఏ తప్పు ఎలా పలికాడు. పదిహేను రోజులకోసారి ఐఈఆర్పీ, క్లాసు టీచరు కలిసి ఆ కాగితం చూడాలి. రెండు వారాలు కదలిక లేకపోతే ఒక మెట్టు కిందికి దిగి, ఒత్తుల్లో ఆగితే గుణింతం, గుణింతంలో ఆగితే చింతగింజలు, మళ్ళీ అక్కణ్నుంచి ఎక్కించండి. ఇందాక చెప్పిన పదిహేను నిమిషాల పరీక్ష కాగితం, అక్షరాల గుంపుల పట్టిక వెనక బల్ల మీద ఉన్నాయి, జిరాక్సు తీసుకోండి. ప్రశ్నలు అమ్మానాన్నల నుంచి మొదలుపెడదాం.